ర్యామ్ కొనేముందు: జీడిమెట్ల గేమర్ లెక్క

గేమ్ మధ్యలో బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదిలిందంటే మన కుర్రాళ్ల నోట మొదట వచ్చే మాట ‘ర్యామ్ సరిపోవట్లేదు’. షాపులో చెప్పే మొదటి మందు కూడా అదే. గ్రాఫిక్స్ కార్డు మార్చాలంటే వేలకు వేలు కావాలి. ప్రాసెసర్ మార్చబోతే బోర్డు కూడా మార్చాల్సి రావచ్చు. ర్యామ్ అయితే క్యాబినెట్ పక్క తలుపు తీసి, క్లిప్పు వంచి, స్టిక్ నొక్కితే పని అయిపోతుంది. ఇన్నాళ్లూ ధర కూడా చేతికి అందేలానే ఉండేది. కంప్యూటర్‌ని సొంతంగా విప్పే ధైర్యం వచ్చిన ప్రతి కుర్రాడూ మొదట చేసే అప్‌గ్రేడ్ అందుకే ఇదయింది.

2025 చివరి నుంచి ఆ లెక్క తారుమారైంది. డెస్క్‌టాప్ ర్యామ్ ధరలు కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటాయి. కొత్త తరం డీడీఆర్5 కిట్లలో కొన్ని మూడు రెట్లకు చేరాయి. ‘ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది’ అనే సలహా చవక రోజుల్లో ఎవరికీ పెద్దగా నష్టం చేయలేదు. ఇప్పుడు చేస్తుంది. ఎవరి మిషన్‌లో నిజంగా లోటు ఉంది, ఎవరి మిషన్‌లో లేదు అన్నది కొనేముందే తేలాలి. నా తీర్పు ముందే చెబుతాను. జీడిమెట్ల లాంటి చోట ఇళ్లలో ఉండే గేమింగ్ డెస్క్‌టాప్‌లలో ఒకే ఒక్క 8 జీబీ స్టిక్‌తో నడుస్తున్న డీడీఆర్4 మిషన్‌కి ఇవాళ్టి ధరలోనూ ర్యామ్ వేయాల్సిందే. మిగతావాళ్లలో చాలామంది జేబు కట్టేసుకోవడమే మేలు.

హైదరాబాద్‌లో ఉన్నా జీడిమెట్ల ఐటీ కారిడార్ కాదు. కుత్బుల్లాపూర్ మండలంలో, బాలానగర్‌ని ఆనుకుని పెరిగిన పారిశ్రామికవాడ. మందుల కంపెనీలు, రసాయనాల యూనిట్లు, లేత్ షాపులు, సీఎన్‌సీ మిషన్లు ఇక్కడి బతుకుదెరువు. బాలానగర్‌లో 1968లో వెలిసిన సీఐటీడీ సంస్థలో టూల్ డిజైన్ నేర్చుకుని, ఇక్కడి షాపుల్లో డ్రాయింగులు తీసే పిల్లలు ఎందరో ఉన్నారు. షాపూర్ నగర్‌లో, చింతల్‌లో, గాజులరామారంలో ఒకే డెస్క్‌టాప్ మీద పగలు క్యాడ్ పని, రాత్రి గేమ్ నడిచే ఇళ్లు ఉంటాయి. గేమింగ్ కోసమే లక్షన్నర పెట్టి కట్టించిన సిస్టమ్‌ని ఊహించుకుని రాసిన సలహాలు ఈ ఇళ్లకు సరిపడవు.

ఐటీ కారిడార్‌తో ఈ ఇళ్లకు ఉన్న సంబంధం వేరే దారిన వస్తుంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో కొన్నేళ్లు నడిచి లీజు తీరిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి డెస్క్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి చేరతాయి. వాటిలో ఒకటి కొని, సన్నటి గ్రాఫిక్స్ కార్డు ఒకటి దూర్చితే తక్కువ ఖర్చులో గేమింగ్ మొదలవుతుంది. ఇంకొన్ని ఇళ్లలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ అనే సీటీసీలో కట్టించుకున్న అసెంబుల్డ్ సిస్టమ్‌లుంటాయి. బాలానగర్, బోయిన్‌పల్లి మీదుగా ప్యారడైజ్ దాకా వెళ్తే సీటీసీ. బడ్జెట్ బిగించి కట్టించినప్పుడు షాపువాళ్లు మొదట కోసేది ర్యామ్ దగ్గరే. ‘ఇప్పటికి 8 జీబీ ఒక స్టిక్ వేద్దాం, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు’ అంటారు. ఆ ‘తర్వాత’ ఏళ్ల తరబడి రాదు. ఇప్పుడు వచ్చేసరికి ధర ఇలా ఉంది.

లోటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మీరు రోజూ ఆడే గేమ్‌ని అరగంట ఆడండి. మామూలుగా వెనక ఏమేం తెరిచి ఉంచుతారో అవన్నీ ఉంచండి, బ్రౌజర్, డిస్కార్డ్ అన్నీ. ఆల్ట్, ట్యాబ్ నొక్కి బయటికొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. గేమర్లు ఎక్కువగా చూసేది పైనున్న శాతాన్ని. 80 శాతం కనబడగానే భయపడతారు.  కానీ ఆ శాతం ఒక్కటే ఏమీ తేల్చదు. దాని కిందున్న ‘కమిటెడ్’ అంకె చూడండి. 8 జీబీ మిషన్‌లో అక్కడ 13 అనో 14 అనో ఉందంటే, ప్రోగ్రాములకు ఇస్తానని విండోస్ మాటిచ్చిన మెమరీ ఉన్న ర్యామ్‌ని ఎప్పుడో దాటిపోయిందన్నమాట. ఆ మిగతా భారం డిస్క్ మీదున్న పేజ్ ఫైల్ మోయాల్సి రావచ్చు.

బొమ్మ బిగుసుకోవడానికి మూలం ఇదే. రెండు స్టిక్‌ల డీడీఆర్4 3200 ర్యామ్ సెకనుకు 51.2 జీబీ దాకా అందించగలదు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు అర జీబీ చిల్లర. పాత హార్డ్ డిస్క్ అయితే 150 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, అదీ వరసగా చదివితేనే. గేమ్‌కి కావాల్సిన ముక్క ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి రావాల్సి వస్తే ఫ్రేమ్ ఆగి దాని కోసం చూస్తుంది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది కానీ మధ్యమధ్య కుదుపు. ఆట చెడగొట్టేది ఆ కుదుపే. అదే తెరలో కుడివైపు కింద ‘స్పీడ్’, ‘స్లాట్స్ యూజ్డ్’ అనే రెండు గడులుంటాయి. వాటి సంగతి తర్వాత వస్తుంది, కానీ చూస్తున్నప్పుడే రాసి పెట్టుకోండి.

కమిటెడ్ అంకె అదుపులోనే ఉండి కూడా గేమ్ కుదుపుతుంటే తప్పు ర్యామ్ సైజుది కాదు. గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ నిండిపోయి ఉండొచ్చు. దీన్నీ ర్యామ్‌నీ కలిపేసుకుని పొరపడేవాళ్లు చాలామంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డులో 8 జీబీ మెమరీ ఉంటుంది, అది సెకనుకు 272 జీబీ వేగంతో నడుస్తుంది. టెక్స్చర్లు అందులో పట్టక పొంగితే సిస్టమ్ ర్యామ్‌లోకి జారతాయి. అక్కడి నుంచి పీసీఐఈ దారిన వెనక్కి రావాలంటే ఆ వేగంలో కొద్ది వంతే దొరుకుతుంది. సిస్టమ్‌లో 64 జీబీ ర్యామ్ పోసినా ఈ రోగం తగ్గదు. గేమ్ సెట్టింగుల్లో టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు దించితే పైసా ఖర్చు లేకుండా తగ్గుతుంది.

ఇక ఎంత కావాలన్నది. గేమ్ కంపెనీలు పైకి చెప్పిన అంకెలే చూద్దాం. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 కనీసం 4 జీబీ అడిగింది, 8 ఉంటే మంచిదంది. వాలరెంట్‌కి ఇప్పటికీ 4 జీబీ చాలు. కౌంటర్ స్ట్రైక్ 2కి 8. పబ్జీ పీసీ వెర్షన్‌కి కనీసం 8, మేలు 16. సైబర్‌పంక్ 2077 మొదట 8 జీబీతో సర్దుకుంది, 2023లో పెద్ద అప్‌డేట్ వచ్చాక కనీసం 12, మేలు 16 అంది. హాగ్వార్ట్స్ లెగసీ, స్టార్‌ఫీల్డ్ రెండూ కనీసమే 16 అన్నాయి. ఈ వరసలో అందరికంటే దూరం పోయింది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024. దానికి కనీసం 16, మేలు 32, అన్నీ బాగుండాలంటే 64.

ఈ అంకెల్ని పక్కపక్కన పెడితే 16 దగ్గర గీత స్పష్టంగా కనిపిస్తుంది. గుంపుగా ఆడే షూటర్లకు 8 జీబీతో బతుకు వెళ్తుంది, వెనక బ్రౌజర్ మూసేస్తే. పెద్ద కథల గేమ్‌లకు 16 లేకుండా కుదరదు. 16 నుంచి 32కి పోతే సగటు ఎఫ్‌పీఎస్‌లో చాలా గేమ్‌లకు చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. తేడా వచ్చేది స్ట్రీమింగ్ చేసేవాళ్లకు, మోడ్‌లు దట్టించేవాళ్లకు, సిటీస్ స్కైలైన్స్ 2 లాంటి నగర నిర్మాణ గేమ్‌లు గంటలకొద్దీ ఆడేవాళ్లకు. పగలు సాలిడ్‌వర్క్స్‌లో పెద్ద అసెంబ్లీలు తెరిచేవాళ్లను కూడా ఇందులో కలుపుతాను. వాళ్లకు 32 జీబీ కూడు పెట్టే ఖర్చు. మిగతావాళ్లకు ఈ ధరలో అది ఆగగలిగిన ఖర్చు.

అయితే జీబీల కంటే నేను ఎక్కువ పట్టించుకోమనేది స్టిక్‌లు ఎన్ని అన్నదాన్ని. మీరు రాసుకున్న ‘స్లాట్స్ యూజ్డ్’ గడి చెప్పేది అదే. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి ర్యామ్‌తో మాట్లాడే దారులు రెండుంటాయి. డీడీఆర్4లో ఒక్కో దారి వెడల్పు 64 బిట్లు. ఒకే స్టిక్ ఉంటే ఒక దారి మూసి పెట్టినట్టే. 3200 వేగం ర్యామ్ ఒక స్టిక్‌తో 25.6 జీబీ, రెండు స్టిక్‌లతో 51.2 జీబీ ఇస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషన్‌లో దీని ప్రభావం గేమ్‌ని బట్టి ఉంటుంది, ముఖ్యంగా కుదుపుల్లో తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ, రైజెన్ 3 3200జీ లాంటి ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకు మాత్రం ఇది ప్రాణం మీది మాట. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు. సిస్టమ్ ర్యామ్‌లోనే వాటా తీసుకుంటుంది, దాని వేగంతోనే నడుస్తుంది. ఒక్క స్టిక్ మిషన్‌లో ఇంకో స్టిక్ పెడితే గ్రాఫిక్స్‌కి అందే మెమరీ వేగం ఒక్క దెబ్బకు రెండింతలు అవుతుంది. ఏ కార్డూ కొనకుండా, అదే గేమ్‌లో ఎఫ్‌పీఎస్ కంటికి కనబడేంత పెరుగుతుంది. డెస్క్‌టాప్ గేమింగ్‌లో పెట్టిన రూపాయికి ఇంత ఫలం ఇచ్చే అప్‌గ్రేడ్ ఇంకొకటి నేను చూడలేదు.

కలిపే స్టిక్ పాతదానితో జత కుదరాలా అన్నది తర్వాతి సందేహం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ దొరికితే సంతోషం. దొరక్కపోతే కంగారు అక్కర్లేదు. వేర్వేరు కంపెనీల స్టిక్‌లు చాలావరకు కలిసి పనిచేస్తాయి, రెండింట్లో నెమ్మదిదాని వేగానికి దిగి నడుస్తాయి. 3200 పక్కన 2666 పెడితే రెండూ 2666 దగ్గర నడుస్తాయని అనుకోండి. 8కి 16 కలిపినా పనిచేస్తుంది: మొదటి 16 జీబీ రెండు దారుల్లో, మిగిలిన 8 ఒక్క దారిలో. అందరూ తిట్టేంత చెడ్డ ఏర్పాటేం కాదది. వేరే స్టిక్ కలపాల్సి వస్తే షాపువాడితో ముందే మాట్లాడుకోండి, బోర్డు తీసుకోకపోతే మార్చిస్తానని బిల్లు మీద రాయించుకోండి.

వేగం విషయంలో మార్కెట్ చేసే హడావిడి ఎక్కువ. స్టిక్ మీద రాసిన 3200, 3600, 6000 అంకె ఒక్కటే చూసి కొంటారు. ఆ పక్కనే ఉండే సీఎల్ అంకెను పట్టించుకోరు. అడిగిన డేటా రావడం మొదలయ్యే ఆలస్యం కావాలంటే సీఎల్‌ని 2000తో గుణించి, వేగంతో భాగించండి. నానో సెకన్లలో వస్తుంది. డీడీఆర్4 3200 సీఎల్16కి 10 నానో సెకన్లు. డీడీఆర్5 6000 సీఎల్30కీ సరిగ్గా 10. డీడీఆర్5 4800 సీఎల్40 అయితే 16.7. అంటే కొత్త తరమని పేరే గానీ, చవకరకం డీడీఆర్5 ఆలస్యంలో మంచి డీడీఆర్4 కంటే వెనకే ఉంటుంది. వెడల్పులో గెలుస్తుంది, స్పందనలో ఓడుతుంది. గేమ్‌లకు రెండూ కావాలి.

టాస్క్ మేనేజర్‌లో రాసుకోమన్న ‘స్పీడ్’ గడి అవసరం ఇక్కడే. మీరు కొన్నది 3200 స్టిక్ అయితే అక్కడ 2133 అనో 2400 అనో 2666 అనో ఉండే అవకాశం ఎక్కువ. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే తప్ప చాలా స్టిక్‌లు వాటి పూర్తి వేగానికి రావు. డీడీఆర్5లో ఏఎండీ బోర్డులకు ఇదే ఎక్స్‌పో పేరుతో ఉంటుంది. సిస్టమ్ కట్టిన రోజు షాపులో ఈ మీట నొక్కడం మరిచిపోతే ఏళ్ల తరబడి ఆ వేగం వృథా అవుతుంది. కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని దాని వేగానికి తేవడం ఉచితం. అయితే బోర్డు ఒప్పుకునే వేగానికి హద్దులున్నాయి. ఐ5 10400 ప్రాసెసర్‌ని హెచ్410 బోర్డు మీద పెట్టినవాళ్లు ఎంత ఖరీదైన ర్యామ్ తెచ్చినా 2666 దగ్గరే ఆగుతారు. వాళ్లకు 3600 స్టిక్ అమ్మడం అన్యాయం. రైజెన్ 3000, 5000 సిరీస్‌వాళ్లకు 3600 వేగం బాగా నప్పుతుంది, ప్రాసెసర్ లోపలి ఫాబ్రిక్ వేగం దానితో జత కలుస్తుంది కాబట్టి. రైజెన్ 7 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీలలో 96 ఎంబీ కాషే ఉంటుంది, అవి ర్యామ్ దాకా వెళ్లాల్సిన అవసరమే తగ్గిస్తాయి. అవి ఉన్నవాళ్లు ర్యామ్ వేగం కోసం అదనంగా పెట్టే డబ్బుకి దక్కేది స్వల్పం. రంగురంగుల లైట్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, వాటికి వేగంతో సంబంధమే లేదు.

డీడీఆర్5కి మారాలా అన్న ప్రశ్నకు జవాబు పొట్టిది. ర్యామ్ కోసమే మారొద్దు. డీడీఆర్5 ప్రమాణాన్ని మెమరీ ప్రమాణాల సంస్థ జెడెక్ 2020 జులైలో ప్రకటించింది. ఇంటెల్ 12వ తరం నుంచి 14వ తరం దాకా రెండు రకాల బోర్డులూ దొరుకుతాయి. ఏఎండీ మాత్రం 2022లో తెచ్చిన ఏఎమ్5 బోర్డుల్లో డీడీఆర్4ని పూర్తిగా వదిలేసింది. డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే ఉన్నా మధ్యలో గాటు చోటు వేరు. ఒకటి ఇంకోదాని స్లాట్‌లో కూర్చోదు, బలవంతం చేస్తే స్లాట్ పగులుతుంది. మారడమంటే బోర్డు, ర్యామ్, చాలాసార్లు ప్రాసెసర్ కూడా మార్చడం. ఇప్పటికే డీడీఆర్5లో ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త: ఖాళీగా ఉన్నాయి కదా అని నాలుగు స్లాట్లూ నింపకండి. రైజెన్ 7000కి ఏఎండీ ఇచ్చిన లెక్క ప్రకారం రెండు స్టిక్‌లతో 5200 వేగం, నాలుగు పెడితే 3600. జీబీలు పెరిగి వేగం పడిపోతుంది.

ధర ఇలా ఎందుకయిందో చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు, ఎందుకంటే అందులో మన ఊరి పేరు కూడా ఉంది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో అత్యధికం తయారుచేసేవి మూడే కంపెనీలు: కొరియాలో శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. మైక్రాన్ 2019లో హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. మెమరీ చిప్‌ల ఇంజనీరింగ్ పని ఇక్కడ మనవాళ్లే చేస్తున్నారు. అదే మైక్రాన్ సీటీసీ షాపుల్లో అందరికీ తెలిసిన క్రూషియల్ బ్రాండ్‌ని నడిపింది. 2025 డిసెంబర్ 3న ఆ బ్రాండ్ కింద మామూలు జనానికి అమ్మే వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. సరుకు 2026 ఫిబ్రవరి దాకా పంపుతామని, వారంటీ సేవలు కొనసాగుతాయని చెప్పింది. కారణం కూడా దాచలేదు: ఏఐ డేటా సెంటర్ల గిరాకీ.

ఏఐ చిప్‌ల పక్కన పెట్టే హెచ్‌బీఎం మెమరీ ఒక జీబీ తయారు కావాలంటే అన్ని జీబీల డీడీఆర్5కి పట్టే సిలికాన్ కంటే దాదాపు మూడు రెట్లు పడుతుందని మైక్రానే చెప్పింది. ఫ్యాక్టరీలు అవే, సిలికాన్ పొరలు అవే. లాభం ఎటుంటే అటు మళ్లాయి. 2025 అక్టోబర్‌లో ఓపెన్‌ఏఐ తన డేటా సెంటర్ల కోసం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ప్రాథమిక ఒప్పందాలు కుదుర్చుకుంది. డీడీఆర్4 పరిస్థితి అంతకుముందే చెడింది. పెద్ద కంపెనీలు దాని తయారీ తగ్గించడంతో 2025 మధ్య నుంచే ధర కదిలింది. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ ప్లాంటుతో ధరలు దిగుతాయని ఆశపడేవాళ్లు ఒకటి గమనించాలి. అది చిప్‌లను పరీక్షించి ప్యాక్ చేసే ప్లాంటు, సిలికాన్ పొరలు తయారయ్యేది వేరేచోట.

ఈ వ్యాపారంలో ఎగుడుదిగుళ్లు కొత్తేం కాదు. 1993 జులైలో జపాన్‌లోని సుమిటోమో కెమికల్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి చిప్‌లను కప్పే రెసిన్‌కి కొరత వస్తుందన్న భయంతోనే మెమరీ ధరలు ఎగబాకాయి. 1999 నుంచి 2002 దాకా కంపెనీలు కూడబలుక్కుని ధరలు నిర్ణయించాయని అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది. 2005లో శాంసంగ్ 30 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టడానికి ఒప్పుకున్నాయి. 2017, 2018లో మళ్లీ మండాయి, 2019కి చల్లబడ్డాయి. ఈసారీ దిగుతాయి. కానీ కొత్త చిప్ ఫ్యాక్టరీ కట్టి, అందులోంచి చిప్‌లు బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. ‘వచ్చే నెల తగ్గుతుందట’ అన్న మాట మీద 8 జీబీ మిషన్‌తో కుస్తీ పడుతూ కూర్చోకండి. ‘ఇంకా పెరుగుతుందట’ అన్న మాట మీద అవసరం లేని 32 కొనకండి. రెండు మాటలూ కౌంటర్ దగ్గర వినిపిస్తాయి.

ధర పెరిగిన సరుకుకి నకిలీలు కూడా పెరుగుతాయి. హీట్ స్ప్రెడర్ కింద ఏముందో పైకి కనిపించదు. పాత స్టిక్ మీద కొత్త స్టిక్కర్ అంటించడం కష్టం కాదు. డీడీఆర్3లో ‘ఏఎండీకి మాత్రమే’ అంటూ చవగ్గా అమ్మే స్టిక్‌లు ఇంటెల్ ఆప్టిప్లెక్స్‌లలో లేవవు. ఆఫీసు డెస్క్‌టాప్‌లు కొన్నవాళ్లు ఇందులోనే ఎక్కువ దెబ్బతింటున్నారు. బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. జీఎస్టీ 18 శాతం మిగిలిందని సంబరపడితే వారంటీ పోతుంది. పేరున్న కంపెనీల ర్యామ్‌కి ఏళ్లకేళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు లేకపోతే అది కాగితం కూడా కాదు. షాపులోనే స్టిక్ పెట్టించి సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ పేజీ తెరిచి సైజు, వేగం, కంపెనీ పేరు చూడండి. ఇంటికొచ్చాక రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయండి, ‘ఒక్కటే కదా’ అని ఉంచుకుంటే విండోస్ ఫైళ్లే పాడవుతాయి.

అమర్చే పని దగ్గర మన ఇళ్లకే ప్రత్యేకమైన సమస్య ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమని షాక్ కొట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. ర్యామ్ మార్చే ముందు ఆ సంగతి చూసుకోండి. స్విచ్ ఆపి, వైరు తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ లోపల రంగు లేని ఇనుప భాగాన్ని ముట్టుకుని అప్పుడు స్టిక్ తీయండి, అంచులు పట్టుకుని మాత్రమే. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు పెట్టాలంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది. పక్కపక్కన పెడితే చాలా బోర్డుల్లో ఒకే దారి పనిచేస్తుంది, అంత ఖర్చూ బూడిదలో పోసినట్టే. గాటు కుదిరిందో లేదో చూసి రెండు కొసలూ బొటనవేళ్లతో సమంగా నొక్కండి. కొత్త బోర్డు అయితే మీరు అనుకున్నదానికంటే గట్టిగానే నొక్కాలి. క్లిప్పు టక్కుమని తనంతట తానే పైకి లేచి పట్టుకోవాలి. సగం కూర్చున్న స్టిక్‌కి ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రెయినింగ్ కోసం కొన్ని నిమిషాలు నల్లటి తెరే ఉంటుంది. అది చూసి బెదిరి మధ్యలో ఆపకండి.

పాత స్టిక్‌ల బంగారు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన మెకానిక్‌ల తరతరాల వైద్యం. జీడిమెట్ల లాంటి దుమ్ము, రసాయనాల గాలి ఉన్న చోట అంచులు మసకబారడం నిజం, రబ్బరుతో రుద్దితే డిస్‌ప్లే రావడమూ నిజమే. కానీ రబ్బరు పొడి స్లాట్‌లో చేరుతుంది, పలచటి బంగారు పూత అరుగుతుంది. మెడికల్ షాపులో కాకపోయినా ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూలు బట్ట తడిపి తుడిస్తే పని అయిపోతుంది.

వేడి గురించి గేమర్లు ప్రాసెసర్‌కి, కార్డుకి ఆలోచిస్తారు, ర్యామ్‌కి ఆలోచించరు. ఇవాళ్టి ర్యామ్ మూలసూత్రం ఐబీఎమ్‌లో రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంట్ పొందినదే: ఒక్కో బిట్‌కి ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్. కెపాసిటర్‌లో దాచిన చార్జ్ కారిపోతూ ఉంటుంది, అందుకే డీడీఆర్4లో ప్రతి 64 మిల్లీ సెకన్లలోపు మొత్తాన్నీ తిరిగి నింపాలి. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే 32 మిల్లీ సెకన్లకే నింపాలి, ఎందుకంటే వేడికి చార్జ్ ఇంకా త్వరగా కారుతుంది. డిసెంబర్‌లో ఎక్స్‌ఎంపీ పెట్టి బాగుందనుకున్న మిషన్ మే నెలలో, రేకుల ఇంట్లో, గేమ్ మధ్యలో నీలం తెర చూపిస్తే మొదట ఎక్స్‌ఎంపీ ఒక మెట్టు దించి చూడండి, క్యాబినెట్ ముందు ఫ్యాన్‌కి పట్టిన దుమ్ము దులపండి. స్టిక్ పోయిందని పరుగెత్తకండి.

చివరగా ఒక మనవి. డీడీఆర్4 కొత్త సరుకు తగ్గిపోతోంది. కొత్త సిస్టమ్‌కి మారినవాళ్ల బీరువాల్లో, బోర్డు పాడైన క్యాబినెట్‌లలో మంచి 8 జీబీ స్టిక్‌లు ఊరికే పడి ఉన్నాయి. ఒక్క స్టిక్‌తో ఆడుతున్న పక్కింటి కుర్రాడికి దానితో మిషనే కొత్తదవుతుంది. మీ దగ్గర అలాంటిది ఉంటే మెమ్‌టెస్ట్‌లో ఒక రాత్రి పెట్టి, వేగం, సీఎల్ చీటీ మీద రాసి, న్యాయమైన ధరకి అమ్మండి, తెలిసినవాళ్లయితే ఊరికే ఇవ్వండి.